నాన్నకి షార్ట్ టర్మ్ కోచింగ్

నాకు చేతనయిన విద్య ఒక్కటే, పాఠం చెప్పడం. ఆ విద్యతోనే ఒక ఎండాకాలం మా ఇంట్లో చెయ్యరాని పని చేశాను. ఇన్నేళ్ళయినా పూర్తిగా ఎవరికీ చెప్పుకోలేదు. ఆ తర్వాత పెళ్ళి చేసుకున్న మా ఆవిడకి కూడా సగమే తెలుసు.

అది రెండువేల ఆరు. సికింద్రాబాద్‌లో సందుకో ఎంసెట్ కోచింగ్ సెంటరు, సెంటరుకో బస్సు, బస్సు వెనకాల ర్యాంకులొచ్చిన పిల్లల ఫోటోలు. కంప్యూటర్ సైన్స్ సీటొస్తే చాలు, ఏడు తరాలూ ఒడ్డెక్కినట్టేనని తల్లిదండ్రులు నమ్మే రోజులు. నేను కెమిస్ట్రీ లెక్చరర్ని. నిజానికి నేను చెప్పేది కెమిస్ట్రీ కాదు, కెమిస్ట్రీ రానివాడికి మార్కులెలా వస్తాయన్నది. మూలకాల వరసలు గుర్తుండేలా చిన్న చిన్న కథలు కట్టేవాణ్ణి. వాటిని కోడ్‌లు అనేవాళ్ళం. పైడిబాబు సార్ కోడ్ చెప్తే చచ్చినా మర్చిపోరని పేరు. ప్రశ్నపత్రం బయటికివ్వని పరీక్షలైతే ఇంకో పని చేసేవాళ్ళం. హాలు గేటు దగ్గరే నిలబడి, వచ్చిన పిల్లల్ని వచ్చినట్టే చెట్టు కింద కూర్చోబెట్టి, తలా రెండు ప్రశ్నలు చెప్పించుకుని సాయంత్రానికల్లా పేపరంతా మళ్ళీ రాసేసేవాళ్ళం. అందులో తప్పుందని నాకెప్పుడూ తోచలేదు.

మాది మెట్టుగూడ. నాన్న పేరు భద్రయ్య. విజయనగరం దగ్గర పల్లె నుంచి ఇరవై రెండేళ్ళకి వచ్చి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేరి, చార్జ్‌మన్‌గా రిటైరయ్యాడు. మరమ్మతుకొచ్చిన ప్రతి రైలుపెట్టె నంబరూ, అది ఏ ఏడాది ఏ జబ్బుతో వచ్చిందీ కాయితం చూడకుండా చెప్పేవాడు. రిజిస్టరు దొరక్కపోతే భద్రయ్యని పిలవండి అనేవారట. మా ఇంట్లో ఆస్తి అంటే ఆ పేరొక్కటే.

ఉగాదికి ముందు ఆదివారం నాన్న ఎప్పటిలాగే బోయిన్‌పల్లి మార్కెట్టుకి వెళ్ళి వారానికి సరిపడా కూరలు తెచ్చాడు. సంచీలు వంటింట్లో పెట్టి మంచినీళ్ళు తాగాడు. తాగి, ఖాళీ సంచీలు రెండు తీసుకుని మళ్ళీ వెళ్ళి, అవే కూరలు మళ్ళీ తెచ్చాడు. ఎవరూ ఏమీ అనకముందే రెండు రాశుల దొండకాయలనీ చూసి, చవగ్గా ఉన్నాయని కొన్నానన్నాడు. నేను నవ్వేశాను. అమ్మ నవ్వలేదు.

ఆ రోజే నన్ను పెరట్లోకి పిలిచి మొదటిసారి ఆ మాట అంది. "ఒరే పైడీ, మీ నాన్నకి మతి నిలవట్లేదురా. ఓపాలి పెద్ద డాక్టరుకి సూపిద్దాం."

అరవై ఆరేళ్ళు వచ్చాక అందరికీ అంతేనన్నాను. ఎంసెట్ అయ్యాక చూద్దామన్నాను. పది రోజుల్లో అమ్మ ఇంకో మూడుసార్లు అడిగింది. మూడోసారి విసుక్కున్నాను. నాకు తెలియక అలా అన్నాననుకోకండి. స్కూటరు తాళం చేతిలో పట్టుకుని అదేమిటో అన్నట్టు నాన్న దాన్ని తిప్పి తిప్పి చూడటం నేనూ చూశాను. చూసి పక్కకి తిరిగాను. డాక్టరు దగ్గరకి వెళ్తే ఒక పేరు పెడతాడు, పేరు పెట్టాక అది ఇంట్లో ఉండిపోతుంది. ఆ భయం నాది. దానికి ఎంసెట్ అని పేరు పెట్టుకున్నాను.

ఏప్రిల్ మొదటి వారంలో పీర్ మహమ్మద్ చాచా వచ్చాడు. నాన్నతో పాటు ముప్పై ఏళ్ళు వర్క్‌షాపులో పనిచేసిన మనిషి, మా వెనక వీధే. మారేడుపల్లి వైపు ఒక పరిశోధన కేంద్రంలో డాక్టర్లు అరవై దాటి ఏ జబ్బూ లేనివాళ్ళ మెదడు ఫోటోలు తీస్తున్నారట. మంచి ఆరోగ్యంతో ముసలివాళ్ళైతే మెదడు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికట. ముందొకరోజు జ్ఞాపకశక్తి పరీక్ష పెడతారు, అందులో నెగ్గినవాళ్ళని జూన్‌లో పెద్ద యంత్రంలో పడుకోబెడతారు. చాచా పరీక్ష నెగ్గాడు. ఆ ఉత్తరం లామినేషన్ కూడా చేయించాడు.

"నువ్వు సుత రా భద్రన్నా. మన షాపుల నీ అంత యాది ఉన్నోడు ఎవడున్నడు? నేనే పాసైన, నువ్వు గాకుంటెట్ల?" అన్నాడు.

నాన్న ముఖం వెలిగిపోయింది. ఎప్పుడు రమ్మంటారని అడిగాడు. ఆశ్చర్యమేమిటంటే, అమ్మ కూడా సంతోషించింది. చాచా వెళ్ళాక నాతో అంది, అక్కడున్నది డాక్టర్లే కాబట్టి ఏదన్నా ఉంటే వాళ్ళే కనిపెడతారని, తను నన్ను బతిమాలుకోనక్కర్లేదని. నాలుగుసార్లు అడిగి లేదనిపించుకున్న పని దానంతటదే జరగబోతోందని అమ్మ ఆశ. సరిగ్గా అదే నా భయం. నాన్న తప్పుతాడు. మెట్టుగూడ అంతా తెలుస్తుంది. పీర్ మహమ్మద్ నెగ్గాడు, భద్రయ్య తప్పాడు అంటారు.

మర్నాడే చాచా ఇంటికి వెళ్ళి, పరీక్షలో ఏమడిగారో చెప్పమన్నాను. గేటు దగ్గర పిల్లల్ని అడిగినట్టే అడిగాను. పాపం, ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. ఈ రోజు తారీఖు, వారం అడిగారు. వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మన్నారు. తర్వాత ఒక అమ్మాయి పది మాటలు చదివి, తిరిగి చెప్పమంది. అరగంట మాటల్లో పెట్టి మళ్ళీ చెప్పమంది. ఆ పది మాటలూ గుర్తున్నాయా చాచా అన్నాను. గడగడా చెప్పేశాడు. గొడుగు, మేక, నిచ్చెన, సబ్బు, ఉత్తరం, బావి, తాళంకప్ప, మిరపకాయ, వంతెన, దువ్వెన. ఆరోగ్యంగా ఉన్న మెదడంటే అదీ. నేను వాటిని పెన్నుతో చేతి మీద రాసుకుని ఇంటికొచ్చాను.

కోడ్ కట్టడానికి నాకు పది నిమిషాలు పట్టింది. గొడుగు పట్టుకుని మేక నిచ్చెనెక్కింది, సబ్బు మీద జారి ఉత్తరంతో సహా బావిలో పడింది, బావికి తాళంకప్ప వేశారు, మిరపకాయ తిని మేక వంతెన కిందినుంచి దువ్వెనతో బయటికొచ్చింది. తలాతోకా లేదు. తలాతోకా లేనివే బాగా గుర్తుంటాయని నా సిద్ధాంతం.

పన్నెండు రోజులు చెప్పాను. పొద్దున్నే ఆరింటికి వరండాలో కుర్చీ వేసుకుని నేను, ఎదురుగా బల్ల మీద నాన్న. మొదటి నాలుగు రోజులూ మేక నిచ్చెన దాటలేదు. ఐదో రోజు బావిలో పడింది గాని బయటికి రాలేదు. నాకు ఏడున్నరకి క్లాసు. ఓపిక నశించి ఒకరోజు బల్ల మీద అరచేత్తో కొట్టి, చిన్నపిల్లలకి కూడా వస్తుంది కదా ఇది, అని అరిచాను. నాన్న తల దించుకున్నాడు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. వంటింటి గుమ్మంలోంచి అమ్మ చూస్తూ ఉంది. ఏం చేస్తున్నావని అడిగితే మెదడుకి వ్యాయామం అన్నాను. పదో రోజుకి పదీ వచ్చేశాయి. వెనకనుంచి కూడా చెప్పగలిగాడు. నాకెంత గర్వంగా ఉందంటే, ఆ రోజు క్లాసులో కూడా హుషారుగా పాఠం చెప్పాను.

పరీక్ష రోజు ఆటోలో తారీఖు, వారం ఇంకోసారి చెప్పించాను. అక్కడ ఇరవై ప్రశ్నల ఫారం ఒకటి ఇచ్చారు. పెద్దాయనతో ఉండేవాళ్ళు నింపాలట. తెలిసిన దారి తప్పుతారా? చేసిన పనే మళ్ళీ చేస్తారా? సామాన్లు ఎక్కడ పెట్టిందీ మర్చిపోతారా? వాటికి జవాబులు తెలిసింది అమ్మకి. ఫారం ఇంటికి తీసుకెళ్ళచ్చని కూడా చెప్పారు. నేను అక్కడే కూర్చుని ఇరవైకీ లేదు, లేదు, లేదు అని టిక్కులు కొట్టేశాను. నాకు బిట్ పేపరు అలవాటే.

పరీక్ష పెట్టే అమ్మాయి పేరు దేవకృప. పాతికేళ్ళుంటాయి. సైకాలజీ చదువుకుని ఆ కేంద్రంలో చేరిందట. నాన్న పది మాటలూ వరసగా చెప్పేసరికి, మీరు మాకంటే నయం అంకుల్ అని నవ్వింది. అరగంట తర్వాతా పదే. లెక్కల్లో ఒకటి రెండు తప్పాడు గాని, అవి పెద్ద తప్పులు కావట. వారంలో ఉత్తరం వచ్చింది. ఆరోగ్యవంతులైన వృద్ధుల జాబితాలోకి మిమ్మల్ని తీసుకున్నామని, సమాజం తరఫున కృతజ్ఞతలని ఉంది.

ఆ ఉత్తరాన్ని నేను అమ్మ ముందు చదివాను. ఇంగ్లీషు వాక్యం చదవడం, తెలుగులో చెప్పడం. డాక్టర్లు స్వయంగా రాసిచ్చారు, ఇక ఆ గోల కట్టిపెట్టు అన్నాను. ఆ మాట నేను అన్నాను.

అమ్మ ఉత్తరం చేతిలోకి తీసుకుంది. చదవడం రాదు, ఊరికే చూసింది. "ఏటీ నేదన్నారా? అయితే నాకే బెమ కాబోలు" అంది. అంతే. ఇక డాక్టరు మాట ఎత్తలేదు.

ఆ ఏడు అమ్మ సింహాచలం వెళ్ళలేదు. ప్రతి ఏడూ చందనోత్సవానికి రైల్వే పాసు మీద వెళ్ళి వచ్చేది. పిల్లలం పుట్టకముందు నుంచీ మానలేదు. ఈసారి ఎందుకు మానేశావంటే ఓపిక లేదంది. వయసొచ్చేసరికి దేవుడు కూడా దూరమైపోయాడా అని ఆటపట్టించాను. మేలో ఎంసెట్ అయ్యింది, ర్యాంకులొచ్చాయి, సెంటరువాళ్ళు నాకు శాలువా కప్పారు.

జూన్ మొదటి వారంలో యంత్రం దగ్గరకి రమ్మని ఫోనొచ్చింది. ఒంటి మీద లోహమేదీ ఉండకూడదట. నాన్నకి వెండి మొలతాడు ఉంది. పెళ్ళినాడు వాళ్ళమ్మ కట్టింది, అప్పట్నించీ తియ్యలేదు. చస్తే తియ్యనని కూర్చున్నాడు. చివరికి అమ్మే నల్లదారం పేని మొలకి కట్టి, అది కట్టాక వెండిది విప్పి, ఇదిగో మీ నడుం ఖాళీగా లేదు కదా అని నచ్చజెప్పి పంపింది.

యంత్రానికి ముందు మళ్ళీ చిన్న పరీక్ష ఉందని అక్కడికెళ్ళాక తెలిసింది. నాకు కంగారేమీ కలగలేదు. సిలబస్ పూర్తయిన పిల్లాడి వెనక నిలబడ్డ లెక్చరర్లా ఉన్నాను. నేను కనిపించకపోతే నాన్న లేచి వచ్చేస్తున్నాడని దేవకృప నన్ను గదిలోనే వెనక కుర్చీలో కూర్చోనిచ్చింది. తారీఖు అడిగితే నాన్న ఏప్రిల్ పద్దెనిమిది అన్నాడు. అది మొదటి పరీక్ష నాటి తారీఖు. ఆమె రాసుకుంది.

తర్వాత పది మాటలు నెమ్మదిగా చదివింది. కిటికీ, కోడిపుంజు, చెరకు, గంట, తలపాగా. ఇంకా ఏవో ఉన్నాయి, నాకు వినపడలేదు. పేపరు ప్రతిసారీ మారుతుందని నేనే పిల్లలకి చెప్పేవాణ్ణి. ఆ ఒక్కటీ నేనెలా మర్చిపోయానో ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు చెప్పండి అంకుల్ అంది.

నాన్న నిటారుగా కూర్చున్నాడు. గొడుగు, మేక, నిచ్చెన, సబ్బు, ఉత్తరం, బావి, తాళంకప్ప, మిరపకాయ, వంతెన, దువ్వెన. ఒక్కటి తప్పలేదు, తడబడలేదు. చెప్పి నావైపు తిరిగి చూశాడు.

దేవకృప కొత్త మాటలు మళ్ళీ చదివింది. నాన్న పాత మాటలు మళ్ళీ చెప్పాడు. మూడోసారి కూడా అంతే. ఆమె పెన్ను బల్ల మీద పెట్టి, ఇవి ఎవరు నేర్పించారు అంకుల్ అని మెల్లగా అడిగింది. నాన్న చెయ్యెత్తి నన్ను చూపించాడు. నేను దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

నాన్నకి టీ ఇచ్చి వరండాలో కూర్చోబెట్టాక ఆమె నాతో మాట్లాడింది. తిట్టి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది. తిట్టలేదు. మీ నాన్నగారివి కూడా ఈ లెక్కలన్నీ కలిపి, ఆరోగ్యమైన మనిషి ఇలా ఉంటాడని రేపు ఒక కొలత చెప్తామండీ, అంది. ఆ కొలత చూసి ఇంకో ఊళ్ళో డాక్టరు ఇదే జబ్బున్న ఇంకెవరినో, మీకేం ఫరవాలేదని ఇంటికి పంపేస్తాడు, అంది. నాన్న పేరు జాబితాలోంచి తీసేస్తామని, యంత్రం ఈ రోజు వద్దని, మెదడు జబ్బుల డాక్టరుకి ఉత్తరం రాసిస్తానని చెప్పింది. చివరికి ఒక మాట అంది.

"ఆయన ఏప్రిల్‌లో మామూలుగా వచ్చి ఉంటే ఏప్రిల్‌లోనే తెలిసేది సార్."

తర్వాత ఆ డాక్టరు, రెండు నెలల్లో పెద్ద తేడా రాదులెండి అన్నాడు. నా ముఖం చూసి అన్నాడని నాకు తెలుసు.

వచ్చేటప్పుడు దేవకృప ఆ ఇరవై ప్రశ్నల ఫారం ఖాళీది ఒకటి ఇచ్చింది. "రోజంతా ఆయనతో ఉండేదెవరో వాళ్ళని అడిగి రాయండి" అంది. ఆటోలో నాన్న పరీక్ష బాగా రాశానా అని అడిగాడు. బాగా రాశావన్నాను.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. నాన్న అన్నం తిని పడుకున్నాడు. అమ్మ వంటింట్లో చాప మీద చింతపండు గింజలు తీస్తోంది. నేనూ కింద కూర్చున్నాను. చెప్పేశాను. చాచా దగ్గర మాటలు రాబట్టిన దగ్గర్నుంచీ, లేదు లేదు అని కొట్టిన టిక్కుల దాకా. చెప్తున్నంతసేపూ ఆమె చేతులు ఆగలేదు. అయిపోయాక, నీ బెమ కాదమ్మా అన్నాను.

"తెలుసురా" అంది. "కాయితం సదివినప్పుడు మాత్రం ఒక్కపాలి నమ్మినాను. నువ్వు సదువుకున్నోడివి కదా అనీసి."

అప్పుడు ఫారం తీసి ఒక్కొక్క ప్రశ్నే చదవడం మొదలుపెట్టాను. తెలిసిన దారి తప్పుతారా? మేలో ఒకరోజు టిఫిన్ క్యారేజీ పట్టుకుని లాలాగూడ వర్క్‌షాపు గేటు దగ్గరకి డ్యూటీకి వెళ్ళాడట. చాచా వెతికి తీసుకొచ్చాడట. ఎంసెట్ రోజుల్లో పైడిబాబుకి చెప్పొద్దని ఇద్దరూ అనుకున్నారట. చేసిన పనే మళ్ళీ చేస్తారా? రోజుకి రెండుసార్లు స్నానం, మూడుసార్లు కూడా. ఒంటరిగా వదిలి వెళ్ళగలరా? లేదు. అందుకే సింహాచలం మానుకుంది. ప్రతి ప్రశ్నకీ ఎప్పటినుంచి అని ఒక గడి ఉంది. అమ్మ పండగల లెక్కన చెప్తుంటే నేను నెలల్లోకి మార్చి రాశాను. చాలామటుకు సంక్రాంతి నుంచే ఉన్నాయి. ఐదు నెలలుగా ఒకే ఇంట్లో ఉండి నేను లేనట్టే బతికాను.

పదిహేడో ప్రశ్న. ఇంట్లోవాళ్ళని గుర్తుపడతారా?

అమ్మ చేతులు అప్పుడు ఆగాయి. "నన్ను గుర్తుపడతారు" అంది. చేతిలో ఉన్న గింజ పక్కన పెట్టి, "నిన్ను ఒకనాడు పడతారు, ఒకనాడు పట్టరు" అంది.

ఎప్పటినుంచి అని అడిగాను. గడి నింపాలి కదా.

"నువ్వు పాటం సెప్పినావు సూడు, అప్పట్నించి. నువ్వు కుర్చీ ఏసుకుంటే, మేస్టారొచ్చినారు, సొక్కా ఇయ్యే అనీవోరు. నీకంటే ముందే లేచి పెరట్లో గోడవైపు తిరిగి వల్లించుకునీవోరు." అమ్మ గొంతు మామూలుగానే ఉంది. "ఒకనాడు నన్నడిగినారు. తప్పు పోతే కొడతారేటే ఆ మేస్టారు, అని."

నువ్వేమన్నావని అడిగాను.

"కొట్టరు, మంచోరే అన్నాను."

నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. చింతపండు పళ్ళెం పక్కకి జరిపి, తర్వాత ప్రశ్న ఏటిరా అని అమ్మ అడిగింది. ఇంకా మూడున్నాయి. కాయితం నా చేతిలోనే ఉంది. చదవలేకపోయాను.